గుర్రం పోయినా నిలిచిన సంఘం: అమెరికా పశువైద్యుల వృత్తి సంస్థ ఎదిగిన తీరు

1863 జూన్ 9న వర్జీనియా రాష్ట్రంలోని బ్రాందీ స్టేషన్ దగ్గర ఉత్తర, దక్షిణ సేనల అశ్వికదళాలు తలపడ్డాయి. అమెరికా అంతర్యుద్ధంలో గుర్రాల మీద సాగిన పోరాటాలన్నిటిలోకీ అదే పెద్దది. ఇరువైపులా కలిపి దాదాపు ఇరవై వేలమంది సైనికులు అందులో పాల్గొన్నారు. సరిగ్గా అదే రోజున న్యూయార్కు నగరంలోని ఆస్టర్ హౌస్ అనే హోటల్లో ఏడు రాష్ట్రాల నుంచి వచ్చిన నలభైమంది పశువైద్యులు సమావేశమై, యునైటెడ్ స్టేట్స్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ అనే సంఘానికి పునాది వేశారు. ఒకే రోజున రెండూ జరగడం యాదృచ్ఛికమే. అయినా ఆ యుద్ధరంగంలో కూలిన గుర్రాలకూ, ఆ హోటల్లో కూర్చున్న మనుషులకూ మధ్య నిజమైన సంబంధం ఉంది. ఆ యుద్ధంలో చచ్చిన గుర్రాలు, కంచరగాడిదలు పది లక్షలు దాటాయని చరిత్రకారుల అంచనా. వాటిలో తూటాలకు పోయినవాటి కంటే రోగాలకు, ఆకలికి, అలసటకు పోయినవే ఎక్కువ. అంత పెద్ద సైన్యానికి అప్పుడు చదువుకున్న పశువైద్య విభాగమంటూ లేదు. గుర్రాల బాగోగులు చాలావరకు లాడాలు కొట్టేవాళ్ల చేతుల్లోనే ఉండేవి.

ఆనాడు సమావేశమైన నలభైమంది స్థాపించిన సంస్థే 1898లో పేరు మార్చుకుని అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ అయింది. క్లుప్తంగా దాన్ని ఏవీఎంఏ అంటారు. ఇల్లినాయ్ రాష్ట్రంలోని షామ్‌బర్గ్ పట్టణంలో దాని ప్రధాన కార్యాలయం ఉంది. సభ్యుల సంఖ్య నేడు లక్ష దాటింది. ఈ సంస్థను అర్థం చేసుకోవడానికి ముందుగా గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. ఒక మనిషికి పశువైద్యం చేసే అనుమతి ఇవ్వడానికి గాని, ఇచ్చిన అనుమతిని రద్దు చేయడానికి గాని ఏవీఎంఏకు చట్టపరమైన అధికారం లేదు. ఆ అధికారం రాష్ట్రాల లైసెన్సు బోర్డులది. సభ్యత్వం ఐచ్ఛికం. అయినా ఆ దేశంలో ఎవరు పశువైద్యులు, ఎవరు కారు అనే ప్రశ్నకు జవాబు చెప్పడంలో ఈ సంఘం మాటకున్న బరువు మరే సంస్థ మాటకూ లేదు. చట్టం చేతికివ్వని ఈ బలం ఎక్కడి నుంచి వచ్చిందో, అది ఎవరి మేలుకు ఉపయోగపడిందో చూస్తేనే ఈ వృత్తి సంఘం ఎదుగుదల అర్థమవుతుంది.

1863 నాటికి అమెరికాలో పశువైద్యుడు అనే మాటకు స్థిరమైన అర్థం లేదు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో క్లాడ్ బూర్జెలా ప్రపంచంలోనే తొలి పశువైద్య పాఠశాలను నెలకొల్పి అప్పటికి వంద సంవత్సరాలైంది. లండన్ కళాశాల 1791లోనే మొదలైంది. అమెరికాలో మాత్రం ఒకటి రెండు చిన్న ప్రైవేటు విద్యాసంస్థలు పుట్టి, విద్యార్థులు దొరక్క కునారిల్లుతున్నాయి. యూరప్‌లో చదివి వలస వచ్చిన కొద్దిమందిని మినహాయిస్తే, గుర్రానికి రక్తం తీసి, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టి, ఏవో చూర్ణాలు మింగించే ప్రతివాడూ తన పేరు ముందు డాక్టరని రాసుకోగలిగేవాడు. మన పల్లెల్లోనూ వాతలు పెట్టే వైద్యం నిన్నమొన్నటి దాకా ఉంది కాబట్టి తెలుగు పాఠకులకు ఆ పరిస్థితిని ఊహించుకోవడం కష్టం కాదు. పశువు యజమానికి మంచి వైద్యుణ్ణి గుర్తించే మార్గమేదీ లేకపోవడం, చదువుకున్న వైద్యుడికి తన చదువును రుజువు చేసుకునే మార్గమేదీ లేకపోవడం ఒకే సమస్యకు రెండు ముఖాలు. సంఘం పుట్టింది ఆ సమస్యలోంచే.

బోస్టన్‌కు చెందిన జోసయా స్టిక్నీ మొదటి అధ్యక్షుడైనా, సంఘానికి వెన్నెముకగా నిలిచినవాడు అలెగ్జాండర్ లియోటార్డ్. ఫ్రాన్సులో పశువైద్యం చదివి న్యూయార్కులో స్థిరపడిన ఈయన 1875లో అమెరికన్ వెటర్నరీ కాలేజీ అనే విద్యాసంస్థను స్థాపించాడు. 1877లో అమెరికన్ వెటర్నరీ రివ్యూ అనే పత్రిక మొదలైంది, దాన్ని నడిపే భారమూ ఆయన మీదే పడింది. 1915లో సంఘం చేతుల్లోకి వచ్చి, నేటికీ వెలువడుతున్న ఏవీఎంఏ పత్రికకు అదే మూలం. పత్రిక ప్రాముఖ్యాన్ని తక్కువగా అంచనా వేయకూడదు. ఏడాదికొకసారి జరిగే సమావేశానికి పదుల సంఖ్యలోనే సభ్యులు రాగలిగే రోజుల్లో, ఒక ఊళ్లో వైద్యుడు చూసిన రోగలక్షణాన్ని వెయ్యి మైళ్ల అవతల ఉన్న మరో వైద్యుడు చదివి తన అనుభవంతో పోల్చుకోగలగడమే ఆ చెల్లాచెదురైన మనుషులను ఒక వృత్తిగా కూర్చింది. సంఘం పుట్టిన కొద్ది వారాలకే, 1863 జూలైలో, జాన్ గామ్‌జీ పిలుపు మీద జర్మనీలోని హాంబర్గ్‌లో తొలి అంతర్జాతీయ పశువైద్య మహాసభ జరిగింది. రైళ్లలో, ఓడల్లో సరిహద్దులు దాటుతున్న పశువుల వెంట ముసర వ్యాధి కూడా దాటుతున్న కాలమది. రోగాలు దేశాలు దాటుతున్నప్పుడు వైద్యులు ఎవరి ఊళ్లో వాళ్లు ఉండిపోతే లాభం లేదన్న ఆలోచన ఒకేసారి రెండు ఖండాల్లో మొలకెత్తింది.

అయితే సంఘం పెట్టుకోగానే సమాజం దాన్ని లెక్కలోకి తీసుకోదు. మొదటి ఇరవై ఏళ్లు అది తూర్పు తీరంలోని కొన్ని నగరాల వైద్యుల బృందంగానే మిగిలింది. దాని మాటకు విలువ తెచ్చినవి అంటురోగాలు. 1872 శరదృతువులో కెనడాలోని టొరంటో పరిసరాల్లో మొదలైన గుర్రాల ఇన్‌ఫ్లుయెంజా కొద్ది నెలల్లో అమెరికా అంతటా పాకింది. చచ్చినవి కొద్దిపాటి శాతమే అయినా, లేచి నిలబడలేని గుర్రాల వల్ల నగరాల్లో ట్రాములు ఆగిపోయాయి, సరుకులు రేవుల్లో నిలిచిపోయాయి. ఆ నవంబరులో బోస్టన్ నగరం తగలబడినప్పుడు అగ్నిమాపక యంత్రాలను మనుషులే తాళ్లు కట్టి లాగవలసి వచ్చింది. నగర జీవితమంతా ఏ ప్రాణి వీపు మీద నడుస్తున్నదో అప్పుడు అందరికీ తెలిసింది.

అంతకన్నా దీర్ఘకాలం బాధించింది పశువుల ఊపిరితిత్తుల అంటువ్యాధి. 1843లో ఓడలో వచ్చిన ఒక పాడి ఆవు ద్వారా న్యూయార్కు పక్కనున్న బ్రూక్లిన్‌లో అది అడుగుపెట్టింది. నలభై ఏళ్ల పాటు రాష్ట్రాలు ఎవరికి తోచిన చర్యలు అవి తీసుకుంటూ ఉండగా అది మెల్లగా వ్యాపించింది. 1879లో బ్రిటన్ అమెరికా పశువుల దిగుమతి మీద కఠినమైన ఆంక్షలు విధించడంతో ఎగుమతి వ్యాపారులకు నొప్పి తెలిసింది, వ్యాపారులకు తెలిశాక ఆ దేశపు చట్టసభ కాంగ్రెసుకూ తెలిసింది. 1884లో పశురోగాలను అదుపు చేయడానికి బ్యూరో ఆఫ్ యానిమల్ ఇండస్ట్రీ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. దాని మొదటి అధిపతి డేనియల్ సాల్మన్. 1876లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుంచి ఆ దేశంలోనే తొలి పశువైద్య డాక్టరేటు పట్టా అందుకున్నది ఆయనే. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవికి ఉన్న పేరు ఈయనదే. ఆయన నాయకత్వంలో 1892 నాటికి ఊపిరితిత్తుల అంటువ్యాధి దేశం నుంచి పూర్తిగా తొలగిపోయింది. అదే బ్యూరోలో పనిచేసిన థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రచురించిన పరిశోధన, దక్షిణాది పశువుల వెంట వచ్చి ఉత్తరాది పశువులను చంపే టెక్సాస్ జ్వరాన్ని గోమార్లు మోస్తున్నాయని రుజువు చేసింది. సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టినది 1897 ఆగస్టులో. అంటే కీటకాలు, వాటి బంధుజీవులు రోగాలను మోస్తాయన్న అవగాహనకు బలమైన తొలి రుజువుల్లో ఒకటి పశువుల కొట్టం నుంచి వచ్చింది. ఈ విషయానికి మన పాఠ్యపుస్తకాల్లో దక్కవలసినంత చోటు దక్కలేదు.

ఈ విజయాలు సంఘానివి కావు, ప్రభుత్వ సంస్థవి. కానీ రెండింటి మధ్య గోడ పలుచనిది. సాల్మన్ 1897లో సంఘానికి అధ్యక్షుడయ్యాడు. రోగ నిర్మూలనకు, 1906 చట్టం తర్వాత కబేళాల్లో మాంసం తనిఖీకి, వందల సంఖ్యలో శిక్షణ పొందిన పశువైద్యులు ప్రభుత్వానికి కావలసి వచ్చారు. ఎవరిని నియమించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఏ కళాశాల పట్టాను నమ్మవచ్చు అన్న ప్రశ్న దాని వెంటే వచ్చింది. దానికి జవాబు చెప్పగల స్థితిలో ఉన్నది అప్పటికి దాదాపు నలభై ఏళ్లుగా అదే విషయం గురించి వాదులాడుకుంటున్న సంఘమే. సైన్యం విషయంలోనూ సంఘం పట్టు విడవలేదు: ఎన్నో ఏళ్ల విజ్ఞప్తుల తర్వాత 1916 జూన్‌లో సైనిక పశువైద్య దళం చట్టబద్ధంగా ఏర్పడింది, పశువైద్యుడికి అధికారి హోదా దక్కింది.

గుర్రం వెళ్లిపోయాక

హోదా దక్కిన కొద్ది కాలానికే వృత్తి కింద నేల కదిలింది. 1910ల చివరికి అమెరికా పొలాల్లో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి రెండున్నర కోట్లకు పైగా ఉండేవి. మోటారు కారు, లారీ, ట్రాక్టరు వరుసగా వచ్చి వాటి అవసరాన్ని తుడిచిపెట్టాయి. 1960 నాటికి మిగిలినవి దాదాపు ముప్పై లక్షలు. గుర్రపు వైద్యం మీద బతికిన నగర వైద్యుల సంపాదన పడిపోయింది. విద్యార్థుల ఫీజుల మీదే నడిచే ప్రైవేటు పశువైద్య కళాశాలలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డాయి. చివరిది 1927లో మూసుకుపోయింది. చికాగో, కాన్సస్ సిటీ వంటి నగరాల్లో వేలమంది పట్టభద్రులను తయారుచేసిన సంస్థలవి. వాటి స్థానంలో, 1879లో అయోవాలో మొదలైన తరహా ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాలలు మిగిలాయి. తమ వృత్తికి ఆధారమైన జంతువే కనుమరుగవుతుంటే ఆ వృత్తి సంఘం కూడా కనుమరుగవుతుందని ఎవరైనా అనుకుంటారు. లాడాలు కొట్టేవాళ్లకు, గుర్రపు బండ్లు చేసే వడ్రంగులకు జరిగింది అదే.

ఏవీఎంఏకు అలా జరగకపోవడానికి కారణం, గుర్రాన్ని నమ్ముకున్న సభ్యులను కాపాడటం కంటే పట్టా విలువను కాపాడటానికి అది ప్రాధాన్యం ఇవ్వడమే. ఆ సంక్షోభం మధ్యలోనే, 1921లో, ఆమోదం పొందదగిన పశువైద్య కళాశాలకు ఉండవలసిన కనీస లక్షణాలను అది ప్రకటించింది. సంఖ్య తగ్గుతున్న కాలంలో ప్రమాణం పెంచడం అప్పటికి ఆత్మహత్యాసదృశంగా కనిపించి ఉండాలి. కానీ రోగాన్ని శాస్త్రంగా చదివినవాడు గుర్రం నుంచి ఆవుకు, ఆవు నుంచి కోడికి, అక్కడి నుంచి కుక్కకూ పిల్లికీ మారగలిగాడు. గుర్రాన్ని మాత్రమే ఎరిగినవాడు మారలేకపోయాడు. క్షయ సోకిన పాడి పశువులను ఏరివేయడం, పందుల కలరాకు టీకా వేయడం, గోమార్ల నిర్మూలన వంటి పనులు మొదట ఆదుకున్నాయి. గోమార్ల మీద 1906లో మొదలైన పోరాటం 1943 నాటికి మెక్సికో సరిహద్దు పట్టీని మినహాయించి దేశమంతటా విజయం సాధించింది. పెంపుడు జంతువుల వైద్యం ఆ తర్వాత పుంజుకుంది. 1933లో చిన్న జంతువుల ఆసుపత్రులు విడిగా ఒక సంఘం పెట్టుకున్నప్పుడు అది ఒక చిన్న పాయ. ఈనాడు అమెరికా పశువైద్యుల్లో అత్యధికులకు జీవనాధారం అదే.

అధికారం లేని చోట పెత్తనం ఎలా వస్తుంది

1921 నాటి ఆ ప్రకటన నుంచి పెరిగిన వ్యవస్థే ఈనాటి గుర్తింపు విధానం. 1946లో సంఘం విద్యా మండలిని ఏర్పాటు చేసింది. ఆ మండలి నిపుణుల బృందాలు కళాశాలలకు వెళ్లి అధ్యాపకుల సంఖ్య, ఆసుపత్రికి వచ్చే రోగపశువుల వైవిధ్యం, ప్రయోగశాలలు, గ్రంథాలయం, పాఠ్యప్రణాళిక, పరిశోధన, చదువు ముగించినవారి ఫలితాలు మొదలైనవన్నీ పరిశీలించి గుర్తింపు ఇస్తాయి, లోపాలుంటే గడువు పెడతాయి. రాష్ట్రాల లైసెన్సు చట్టాలు గుర్తింపు పొందిన కళాశాలలో చదివి ఉండాలని అడుగుతాయి. ఆ గుర్తింపు ఇచ్చేది ఈ మండలి. అభ్యర్థి జాతీయ లైసెన్సు పరీక్ష ఉత్తీర్ణుడు కావాలి. ఆ పరీక్షను నిర్వహించేది వేరొక సంస్థ. చివరి అనుమతి బోర్డుది. ఈ గొలుసులో ఏవీఎంఏ ఒక్క కడియం మాత్రమే. కాని మిగిలిన కడియాలన్నీ దానికి తగిలించుకుని ఉన్నాయి. చట్టం రాసేటప్పుడు రాష్ట్రాలు చూసుకోవడానికి ఒక మాదిరి చట్టాన్ని కూడా సంఘమే తయారుచేసి పెట్టింది.

గుర్తింపు పొందిన కళాశాలలు అమెరికాలో ముప్పైకి పైగా ఉన్నాయి. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మెక్సికో, దక్షిణ కొరియా దేశాల్లోని కొన్ని కళాశాలలు కూడా ఆ జాబితాలో చోటు సంపాదించుకున్నాయి. భారతదేశంలోని ఏ పశువైద్య కళాశాలా అందులో లేదు. తిరుపతిలోనో, రాజేంద్రనగర్‌లోనో, గన్నవరంలోనో ఐదున్నరేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ కూడా అందులోనే ముగించుకుని అమెరికా వెళ్లిన పట్టభద్రులకు ఈ జాబితా చాలా దగ్గరి విషయం. వారి కోసం సంఘం విదేశీ పట్టభద్రుల మదింపు కార్యక్రమాన్ని నడుపుతుంది. పట్టా నిజమైనదని నిరూపించుకోవాలి, ఆంగ్ల పరీక్షలో నిర్దేశించిన మార్కులు రావాలి, మౌలిక, చికిత్సా శాస్త్రాల మీద కంప్యూటర్ పరీక్ష రాయాలి. ఆ తర్వాత మత్తుమందు, శస్త్రచికిత్స, శవపరీక్ష, ఎక్స్‌రే, గుర్రం, పాడిపశువు, చిన్న జంతువు ఇలా విభాగాల వారీగా చేతిపనిని పరీక్షకుల ఎదుట చేసి చూపించాలి. రాష్ట్రాల బోర్డుల సమాఖ్య నడిపే మరో మార్గం కూడా ఉంది. ఏ దారిన వెళ్లినా ఖర్చు వేల డాలర్లలో ఉంటుంది, చేతిపని పరీక్షకు కేంద్రాలు తక్కువ, నిరీక్షణ ఎక్కువ. అందుకే తెలుగు పశువైద్యుల్లో చాలామంది ముందు ఎమ్మెస్‌కో, పీహెచ్‌డీకో చేరి, ప్రయోగశాలల్లో, ఔషధ సంస్థల్లో స్థిరపడి, ఆసుపత్రి తలుపు తట్టే ప్రయత్నాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేస్తుంటారు.

ఈ కట్టుదిట్టం అన్యాయమా? మన కళాశాలల్లో గేదెలకు, గొర్రెలకు, కోళ్లకు దొరికే అనుభవం అమెరికాలో దొరకదు. అక్కడ రోజువారీ పనిలో ముఖ్యమైన కుక్కల దంతవైద్యం, మత్తుమందు పర్యవేక్షణ వంటివి మన విద్యార్థికి తగినంతగా అందవు. ఆ తేడాను పరీక్షించడం సమంజసమే. పరీక్ష కేంద్రాల కొరత మాత్రం సమంజసం కాదు. తలుపు దగ్గర తనిఖీ ఉండటం ఒక సంగతి, తలుపు వారానికొకసారే తెరవడం మరో సంగతి. పశువైద్యుల కొరత ఉందని ఆ దేశపు పల్లె జిల్లాలు మొరపెట్టుకుంటున్న కాలంలో రెండోదాన్ని సమర్థించడం కష్టం.

తలుపు దగ్గర ఆగిపోయినవాళ్ల చరిత్ర దేశం లోపల కూడా ఉంది. జాతివివక్ష చట్టాలు అమలులో ఉన్న దక్షిణాది రాష్ట్రాల కళాశాలలు నల్లజాతి విద్యార్థులను చేర్చుకోలేదు. అయోవాలో 1923లో పశువైద్య పట్టా పొందిన ఫ్రెడరిక్ డగ్లస్ ప్యాటర్సన్, అలబామాలోని టస్కీగీ సంస్థకు అధ్యక్షుడై, 1940ల మధ్యలో అక్కడ పశువైద్య కళాశాల తెరిచాడు. దేశంలోని నల్లజాతి పశువైద్యుల్లో అధిక సంఖ్యాకులను నేటికీ తయారుచేస్తున్నది ఆ ఒక్క కళాశాలే. స్త్రీల సంగతికొస్తే, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పట్టా పొందిన స్త్రీలు కనిపిస్తారు గాని, కళాశాలలు ఏడాదికి ఒకరిద్దరికి మించి సీట్లు ఇవ్వని పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. 1947లో స్త్రీలు తమకు తాముగా ఒక సంఘం పెట్టుకోవలసి వచ్చింది. విద్యలో లింగవివక్షను నిషేధించిన 1972 చట్టం తర్వాత పరిస్థితి తలకిందులైంది: ఈనాడు పశువైద్య విద్యార్థుల్లో దాదాపు ఎనభై శాతం స్త్రీలే. ఏవీఎంఏకు మొదటి మహిళా అధ్యక్షురాలిగా మేరీ బెత్ లైనింగర్ ఎన్నికై పదవి చేపట్టింది 1996లో, అంటే సంఘం పుట్టిన 133 ఏళ్లకు. ఈ రెండు విషయాల్లోనూ మార్పు బయటి చట్టాల వల్ల, పక్కకు నెట్టబడినవారి పట్టుదల వల్ల వచ్చిందే గాని సంఘం ముందు నడిచి తెచ్చింది కాదు.

రెండు పడవలు

ప్రతి వృత్తి సంఘంలోనూ రెండు ప్రయోజనాలు ఒకే గొంతుతో మాట్లాడుతుంటాయి: ప్రజల ప్రయోజనం, వృత్తివాళ్ల ప్రయోజనం. చాలాసార్లు రెండూ ఒకటే. పశువుల దాణాలో కలిపే ముఖ్యమైన యాంటీబయోటిక్స్‌ను పశువైద్యుడి ఆదేశం లేకుండా వాడకూడదని అమెరికా ప్రభుత్వం 2017లో నియమం తెచ్చింది. 2023లో మిగిలిన రూపాలను కూడా వైద్యుడి మందుచీటీ పరిధిలోకి తీసుకొచ్చింది. పశువును చూసి, యజమానితో పరిచయం ఉన్న వైద్యుడే మందు రాయాలన్న సూత్రాన్ని సంఘం ఎన్నో ఏళ్లుగా చెబుతూ వచ్చింది. మందులకు లొంగని సూక్ష్మజీవులు మనుషులకూ ముప్పే కాబట్టి ఇక్కడ వైద్యుడి లాభం, జనం లాభం కలిసి నడుస్తాయి. 2007లో అప్పటి ఏవీఎంఏ అధ్యక్షుడు రోజర్ మార్, మనుషుల వైద్యుల సంఘానికి చెందిన రొనాల్డ్ డేవిస్‌తో కలిసి మనిషి, పశువు, పర్యావరణం ఆరోగ్యాలను ఒకటిగా చూడాలన్న ఉమ్మడి కార్యక్రమాన్ని ముందుకు తెచ్చారు. వన్ హెల్త్ అన్న మాట అంతర్జాతీయ విధానపత్రాల్లో స్థిరపడటంలో ఈ చొరవకు మంచి పాత్ర ఉంది. సాల్మన్ నుంచి వచ్చిన సంప్రదాయం అది.

కొన్నిసార్లు రెండు ప్రయోజనాలు విడిపోతాయి. సంఘం ప్రతినిధుల సభలో రాష్ట్రాల సంఘాలతో పాటు పందుల వైద్యులు, గుర్రాల వైద్యులు, పాడిపశువుల వైద్యులు, పెంపుడు జంతువుల వైద్యులు తమ తమ అనుబంధ సంఘాల తరఫున కూర్చుంటారు. పిల్లిని ఒడిలో పెట్టుకుని వచ్చే యజమాని కోరేదీ, పదివేల పందుల షెడ్డు నడిపే కంపెనీ కోరేదీ ఒకటి కాదు. 2010లో సంఘం పశువైద్యుల ప్రమాణవాక్యాన్ని సవరించి, జంతువుల ఆరోగ్యం పక్కన సంక్షేమం అనే మాటను, బాధను తగ్గించడం పక్కన నివారించడం అనే మాటను చేర్చింది. అది గొప్ప మార్పు. కాని 2019లో ప్రచురించిన సామూహిక వధ మార్గదర్శకాల్లో, షెడ్డుకు గాలి ఆపి వేడి పెంచి పశువులను చంపే పద్ధతికి తప్పనిసరి పరిస్థితుల పేరిట అది చోటిచ్చింది. మరుసటి ఏడాది కోవిడ్ వల్ల కబేళాలు మూతపడి అయోవాలో పందులను ఆ విధంగా చంపినప్పుడు, సంఘంలోని సభ్యులే కొందరు బహిరంగంగా ఎదిరించారు. ప్రమాణవాక్యానికీ ఆ మార్గదర్శకానికీ మధ్య ఉన్న దూరాన్ని చిన్నదిగా చూపడానికి ఎన్ని సాంకేతిక కారణాలు చెప్పినా ఆ వేడిలో బాధపడింది పశువే. ఈ విషయంలో ఎదిరించినవారే సంఘం అసలు ఆదర్శానికి దగ్గరగా నిలిచారు.

మరో వివాదం 2024 నవంబరులో కొలరాడో రాష్ట్రంలో జరిగింది. పూర్తి పశువైద్య పట్టా లేకుండా, స్నాతకోత్తర శిక్షణతో, వైద్యుడి పర్యవేక్షణలో రోగనిర్ధారణ, చికిత్స, కొన్ని శస్త్రచికిత్సలు చేయగల మధ్యస్థాయి సహాయ వైద్యుల వర్గాన్ని సృష్టించే ప్రతిపాదనపై అక్కడ ప్రజాభిప్రాయం కోరారు. ఏవీఎంఏ గట్టిగా వ్యతిరేకించింది. ఓటర్లు స్వల్ప ఆధిక్యంతో ఆమోదించారు. సంఘం వాదనలో పస లేదని అనలేం: మాట్లాడలేని రోగి విషయంలో శిక్షణ తక్కువైతే ఆ పొరపాటు బయటపడదు. కాని కుక్కకు ఆపరేషన్ చేయించడానికి వేల డాలర్లు కట్టలేక ప్రాణం తీయించే యజమానులు ఉన్న చోట, కొరతకు ప్రత్యామ్నాయం చూపకుండా వద్దని మాత్రమే చెప్పిన సంఘం మాట ఓడిపోయింది. లక్షమంది సభ్యులున్నా మాటకు బరువు తగ్గిన సందర్భమది.

వృత్తి లోపలి బాధలు కూడా సంఘం ఎదుట ఉన్నాయి. 1979 నుంచి 2015 వరకు జరిగిన మరణాలను పరిశీలించి 2019లో ఏవీఎంఏ పత్రికలోనే వెలువడిన అధ్యయనం, సాధారణ జనాభాతో పోలిస్తే ఆత్మహత్యకు గురయ్యే అవకాశం మహిళా పశువైద్యుల్లో మూడున్నర రెట్లు, పురుషుల్లో రెండు రెట్లకు పైగా ఉందని చూపింది. చదువు అప్పులు, ప్రాణం తీసే మందు చేతికందుబాటులో ఉండటం, యజమానుల ఆగ్రహం వంటివి కారణాలుగా చెబుతారు. చిన్న ఆసుపత్రులను పెద్ద కంపెనీలు కొనేస్తుండటంతో స్వంత వైద్యశాల కల కూడా దూరమవుతోంది. చాక్లెట్లకు పేరున్న మార్స్ సంస్థ 2017లో వీసీఏ ఆసుపత్రుల గొలుసును దాదాపు తొమ్మిది వందల కోట్ల డాలర్లకు కొన్నది. ఉద్యోగిగా మారుతున్న వైద్యుడికి, స్వంత వైద్యశాలల యజమానులు కట్టిన సంఘం ఏం చేయగలదన్నది ఇప్పుడిప్పుడే చర్చకు వస్తున్న అంశం.

మన దేశంలో ఈ పనులు వేరే విధంగా పంచబడ్డాయి. మద్రాసులో 1903లో పశువైద్య కళాశాల వచ్చింది, 1924లో అదే నగరం నుంచి ఇండియన్ వెటర్నరీ జర్నల్ మొదలైంది. హైదరాబాదు కళాశాల 1946లో, తిరుపతి కళాశాల 1955లో పుట్టాయి. కాని విద్యాప్రమాణాలు, నమోదు అనే రెండు బాధ్యతలనూ 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ఒక చట్టబద్ధ సంస్థకు అప్పగించింది. కనుక ఇక్కడ సంఘాలకు అమెరికాలో మాదిరి గుర్తింపు ఇచ్చే పాత్ర లేదు. పైగా తెలుగు రాష్ట్రాల పశువైద్యుల్లో పెద్ద భాగం పశుసంవర్ధక శాఖ ఉద్యోగులు కావడం వల్ల సంఘాల శక్తి సహజంగానే వేతనాలు, పదోన్నతులు, బదిలీలు, ఖాళీల భర్తీ వైపు వెళుతుంది. అవి న్యాయమైన కోరికలే. వాటికి మించి సంఘం అవసరమయ్యే చోటు ఏమిటో కొలరాడో వివాదమే చూపిస్తుంది.

మన దగ్గర ఆ మధ్యస్థాయి వర్గం ఎప్పటి నుంచో ఉంది. ఊళ్లో గేదె ఎదకు వస్తే రైతు మొదట కబురు పెట్టేది కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాల పశుసంవర్ధక సహాయకులు కూడా ఆ వరుసలో చేరారు. నమోదైన వైద్యుడి పర్యవేక్షణలో, ప్రభుత్వ ఉత్తర్వులు అనుమతించిన చిన్న చికిత్సలు మాత్రమే ఇతరులు చేయవచ్చని 1984 చట్టం ముప్పయ్యో సెక్షన్ చెబుతుంది. టీకా, కృత్రిమ గర్భధారణ, గాయానికి కట్టు వంటి వాటి దగ్గర ఆ గీత స్పష్టంగానే ఉంటుంది. అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్న గేదె దగ్గర ఆ గీత చెరిగిపోతుంది. డాక్టరు గారు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంటారు, ఫోనులో చెప్పిన మాటే పర్యవేక్షణ అవుతుంది. ఆ ఫోను మాటకు లెక్క ఎవరు రాస్తారు, రాసిన యాంటీబయోటిక్ ఇంజెక్షను ఎన్ని రోజులు వేశారో, ఆ రోజుల పాలు ఎక్కడికి పోశారో ఎవరు చూస్తారు, సహాయకుడికి ఏయే పనుల్లో ఎన్ని రోజుల శిక్షణ సరిపోతుంది అన్న ప్రశ్నలకు సర్వీసు నిబంధనల్లో జవాబు దొరకదు. వాటిని రాయగలిగినవాళ్లు ఆ గేదె దగ్గరకు వెళ్లివచ్చిన వైద్యులే. మండల స్థాయి అనుభవాలను పోగుచేసి, సహాయకులను కూడా కూర్చోబెట్టుకుని, అలాంటి ప్రమాణపత్రం ఒకటి తెలుగులో తయారుచేయడానికి ఏ సంఘానికైనా కొత్త చట్టం అక్కర్లేదు, ప్రభుత్వ అనుమతీ అక్కర్లేదు. 1921లో ఏవీఎంఏ తన మొదటి ప్రమాణాల జాబితా రాసినప్పుడు దాన్ని ఎవరి మీదా రుద్దే అధికారం దానికీ లేదు.